మండల స్థాయిలో పెద్దల పని నైపుణ్యాలను కొలవడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు సరిపడే ఒక పద్ధతి

పలాసలో జీడిపప్పు గ్రేడు చేసే మహిళ చేటలో పప్పు పోసుకుని డబ్ల్యూ-240 గుండ్లను, డబ్ల్యూ-320 గుండ్లను కంటిచూపుతోనే విడదీస్తుంది. ఆ అంకెలు ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే కొలతలు. అదే మహిళ ఇంటికి సర్వే చేసేవారు వస్తే, చదువు గడిలో ‘లేదు’ అనీ, వృత్తి శిక్షణ గడిలో ‘పని చేస్తూ నేర్చుకున్నది’ అనీ రాసుకుని వెళతారు. రెండూ నిజమే అయినా, ఆమెకు లెక్క ఎంతవరకు వచ్చునో, కూలి చీటీ చదువుకోగలదో లేదో, కొత్త యంత్రం వస్తే దాని సూచనలను అందుకోగలదో లేదో ఆ రెండు గడుల వల్ల తెలియదు. డిగ్రీ పట్టా ఉన్న యువకుడి సంగతీ అంతే. పట్టా ఉందని నమోదవుతుంది గానీ ఆ పట్టా వెనుక ఈనాడు మిగిలి ఉన్న సామర్థ్యం నమోదు కాదు.

ఈ లోటును ఒక మండలం మేరకైనా పూరించాలనుకునే కళాశాల అధ్యాపకులు, స్వచ్ఛంద సంస్థల వారు, శిక్షణ కేంద్రాల నిర్వాహకుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. పెద్ద సర్వేల పద్ధతుల్లో మనకు అందుబాటులో ఉన్నవాటిని తీసుకుని, మన ఊళ్ళకు తగినట్టు మలచుకోవడం ఎలాగో ఇందులో ఉంది.

ఉన్న సర్వేలు ఏం చెబుతాయో ముందు తెలుసుకోండి

జనగణన 7 ఏళ్ళు, ఆపై వయసున్నవారిని ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చునా అని అడుగుతుంది. ఎవరికీ కాగితం ఇచ్చి చదివించి చూడదు. 2011 లెక్క ప్రకారం శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.7 శాతం, విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.9 శాతం. ఈ అంకెలను నేటి జిల్లాలకు అన్వయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు సరిహద్దులు మారాయి, పాలకొండ మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళాయి. పాత జిల్లా అంకెను కొత్త జిల్లా అంకె పక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో రాసే నివేదికలు తరచుగా కనిపిస్తాయి, వాటిని నమ్మకండి. మండలాల వారీగా విడదీసి, తిరిగి కూడుకుంటేనే పోలిక చెల్లుతుంది.

2017 నుంచి జరుగుతున్న ఆవర్తన శ్రామిక శక్తి సర్వే, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్, ఉపాధితో పాటు వృత్తి శిక్షణ గురించి కూడా అడుగుతుంది. లాంఛనమైన శిక్షణ పొందారా, లేక వంశపారంపర్యంగానో, స్వయంగానో, పని చేస్తూనో నేర్చుకున్నారా అని విడదీస్తుంది. 2022-23 సర్వే ప్రకారం దేశంలో 15-29 ఏళ్ళ వారిలో లాంఛనమైన శిక్షణ పొందినవారు 4.4 శాతం, అనియతంగా నేర్చుకున్నవారు మరో 16.6 శాతం. జాతీయ నమూనా సర్వే 79వ విడతగా వచ్చిన సమగ్ర వార్షిక సర్వే అటాచ్‌మెంటుతో సందేశం పంపడం, ఇంటర్నెట్‌లో వెతకడం వంటి కంప్యూటర్, ఫోను పనులు వచ్చునా అని అడిగింది. ఈ తరహా సర్వేలన్నిటికీ ఒక సామాన్య పరిమితి ఉంది: వాటిలో ఉన్నది చెప్పిన మాట మాత్రమే, అదీ చాలాసార్లు ఇంట్లో ఒకరు అందరి తరఫున చెప్పినది. కొడుకుకు కంప్యూటరు ‘అంతా వచ్చు’ అని తండ్రి చెబితే ఆ సమాధానం అలాగే నమోదవుతుంది. 2024 జూన్ 13న ముఖ్యమంత్రి సంతకంతో మొదలై, మంగళగిరి నియోజకవర్గంలో ప్రయోగాత్మకంగా నడిచిన రాష్ట్ర నైపుణ్య గణన కూడా ప్రధానంగా ఇంటింటికీ వెళ్ళి అడిగి తెలుసుకునే ప్రయత్నమే.

నిజంగా పని ఇచ్చి చూసే సర్వే పీఐఏఏసీ, అంటే పెద్దల సామర్థ్యాల అంతర్జాతీయ మదింపు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ నడిపే ఈ సర్వేలో 16 నుంచి 65 ఏళ్ళ వయసు వారిని ఇంటి దగ్గరే కలిసి, నేపథ్యం గురించి ప్రశ్నలు అడిగి, తర్వాత చదవడం, లెక్క, పరిస్థితి మారుతుండగా సమస్యను పరిష్కరించడం అనే మూడు రంగాల్లో పనులు ఇస్తారు. మొదటి ఆవృత్తి 2011 నుంచి 2018 వరకు మూడు విడతలుగా 39 దేశాల్లో సాగింది. రెండో ఆవృత్తి ఫలితాలు 31 దేశాలు, ప్రాంతాల నుంచి సుమారు 1,60,000 మందిని పరీక్షించిన తర్వాత 2024 డిసెంబరు 10న వెలువడ్డాయి. మార్కులు 0 నుంచి 500 వరకు ఉంటాయి. చదవడంలో ఫిన్‌లాండ్ సగటు 296, సంస్థలోని దేశాల సగటు 260. అంతటి సంపన్న దేశాల్లో కూడా సగటున 18 శాతం మంది పెద్దలు ఏ రంగంలోనూ కనీస స్థాయిని దాటలేదన్న విషయం మన దగ్గర ‘చదువుకున్నవాళ్ళే కదా’ అనుకునేవారు ఒకసారి ఆలోచించవలసినది. భారతదేశం ఇంతవరకు ఈ సర్వేలో పాల్గొనలేదు. మన పరిస్థితులకు మరికొంత దగ్గరగా ఉన్నది ప్రపంచ బ్యాంకు వారి స్టెప్ సర్వే. అది వర్ధమాన దేశాల పట్టణ ప్రాంతాల్లో 15-64 ఏళ్ళ వారికి కాగితం మీద చదివే పరీక్ష పెట్టింది. శ్రీలంక, వియత్నాం, కెన్యా వంటి దేశాలు అందులో ఉన్నాయి.

మన దేశంలో పెద్దలకు నేరుగా పెట్టే పరీక్ష ఒకటి ఉన్నది. కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకమైన ఉల్లాస్ కార్యక్రమంలో 15 ఏళ్ళు దాటిన అభ్యాసకులు చదవడం, రాయడం, లెక్కలకు 50 చొప్పున 150 మార్కులకు రాసే పరీక్ష అది. అయితే అది కార్యక్రమంలో చేరినవారికి మాత్రమే పెట్టేది కాబట్టి, ఒక ప్రాంత జనాభా మొత్తం గురించి చెప్పడానికి పనికిరాదు.

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

‘మండలంలోని నైపుణ్యాలు’ అనేది ప్రశ్న కాదు. ‘18-59 ఏళ్ళ మధ్య ఉండి గత వారంలో పని చేసిన లేదా పని వెతికిన వారిలో ఎంతమంది, ఒక పేజీ తెలుగు సూచనలు చదివి రెండంచెల లెక్క చేయగలరు?’ అన్నది ప్రశ్న. ‘గత వారం’ అన్న మాటను పీఎల్‌ఎఫ్‌ఎస్ వాడే అర్థంలోనే వాడితే మీ అంకెలను దానితో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. వెల్డింగు, కుట్టు, మోటారు రిపేరు వంటి వృత్తి నైపుణ్యాలను దీనిలో కలపకండి. వాటిని కొలవడానికి పనిముట్లు, పరీక్షకులు కావాలి. అది పూర్వాభ్యాస గుర్తింపు పేరుతో, అంటే ముందే నేర్చుకున్న పనికి గుర్తింపు ఇవ్వడానికి, శిక్షణ వ్యవస్థ చేసే వేరే పని.

ఎవరిని ఎంచుకోవాలి

సర్వే చెడిపోయేది చాలావరకు ఇక్కడే కాబట్టి కొంత వివరంగా రాస్తాను. సచివాలయం దగ్గర కనిపించినవారిని, మహిళా సంఘం సమావేశానికి వచ్చినవారిని అడిగి తెచ్చిన అంకె ఎంత పెద్దదైనా మండలానికి వర్తించదు.

ఒక నిష్పత్తిని 95 శాతం విశ్వాసంతో అటూఇటూ 7 శాతం తేడాలో అంచనా వేయాలంటే, అందరినీ లాటరీలో ఎంచుకుంటే 196 మంది చాలు. కానీ ఊళ్ళ వారీగా ఎంచుకున్నప్పుడు, ఒకే ఊరివారు ఒకే బడిలో చదివి ఒకే రకం పనులకు వెళుతుంటారు కనుక, 20 మందిని కలిసినా వారి నుంచి వచ్చే సమాచారం దాదాపు 10 మంది నుంచి వచ్చినంతే ఉంటుంది. అందువల్ల నమూనాను రెట్టింపు చేసి 400 అనుకుందాం: 20 ఊళ్ళు, ఊరికి 20 మంది. తలుపులు తీయనివారు, వద్దనేవారు ఉంటారు కాబట్టి ఊరికి 24 ఇళ్ళ చొప్పున 480 ఇళ్ళను ముందే ఎంచుకోవాలి. వాటిలో 85 శాతం దొరికితే 408 మంది అవుతారు.

ఊళ్ళ ఎంపిక ఇలా చేయండి. మండలంలోని ఊళ్ళన్నిటినీ, శివారు పల్లెలతో సహా, ఇళ్ళ సంఖ్యతో వరుసగా రాసి, సంఖ్యలను కూడుకుంటూ పోండి. మొత్తం 12,000 ఇళ్ళు అయితే దాన్ని 20తో భాగిస్తే 600 వస్తుంది. 1 నుంచి 600 లోపు లాటరీలో ఒక అంకె తీయండి. అది 247 అనుకుంటే, 247, 847, 1447 ఇలా 600 చొప్పున పోయే అంకెలు ఏ ఊరి వరుసలో పడతాయో ఆ ఊళ్ళు మీవి. పెద్ద ఊరికి ఎక్కువ అవకాశం, చిన్న ఊరికి తక్కువ అవకాశం వస్తుంది. ప్రతి ఊళ్ళో సమానంగా 24 ఇళ్ళు తీసుకోవడం వల్ల చివరికి ఇంటింటికీ అవకాశం సమానమవుతుంది. ఒకే పెద్ద ఊరికి రెండుసార్లు పడితే అక్కడ 48 ఇళ్ళు తీసుకోవాలి. ఊళ్ళోకి వెళ్ళాక ఇళ్ళ జాబితా మీరే తయారు చేసుకోండి. ఓటరు జాబితా మీద ఆధారపడితే కొత్తగా వచ్చినవారు, అద్దెకున్నవారు తప్పిపోతారు.

ఇంట్లో ఎవరిని అడగాలన్నది రెండో లాటరీ. గుమ్మంలోకి వచ్చి ‘రండి బాబూ, కూర్చోండి’ అన్న మనిషిని అడిగితే, నమూనా నిండా ముసలివారు, ఇంటిపట్టున ఉండేవారు చేరతారు. ఇంట్లోని అర్హులైన వారిని వయసు వారీగా రాసి, ముందే అచ్చువేసుకున్న పట్టిక ప్రకారం ఒక్కరిని ఎంచుకోవాలి. లెస్లీ కిష్ 1949లో ప్రతిపాదించిన ఈ పట్టికను నేటికీ చాలా సర్వేలు ఏదో రూపంలో వాడుతూనే ఉన్నాయి. ఎంపికైన మనిషి లేకపోతే పక్కింటివారిని అడగకూడదు; వేర్వేరు వేళల్లో కనీసం మూడుసార్లు రావాలి.

ఉత్తరాంధ్రలో ఈ నియమాన్ని పాటించడం కష్టమన్నది నిజమే, ఎందుకంటే ఇక్కడ ఇళ్ళల్లో ఉండవలసిన మనిషి చాలాసార్లు హైదరాబాదులోనో, చెన్నైలోనో, గుజరాత్‌లోని వేరావల్‌లోనో ఉంటాడు. కాబట్టి సర్వే తేదీ అనేది ఇక్కడ నమూనాలో భాగమే. భవన నిర్మాణ పనులకు వెళ్ళినవారు కావాలంటే సంక్రాంతి వారం మంచిది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది. పడమటి తీరంలో జూన్ 1న మొదలై జూలై చివరి వరకు ఉంటుంది. అంటే తీర మండలాల్లో స్థానికంగా వేటాడేవారు, వేరావల్ వెళ్ళేవారు ఇద్దరూ ఊళ్ళో దొరికే అవకాశం జూన్ మొదటి పక్షంలో ఎక్కువ. ఉడుపులు జోరుగా సాగే రోజుల్లో, ఉపాధి హామీ పనులు నడిచే వేసవి ఉదయాల్లో ఇళ్ళకు వెళితే తాళాలే పలకరిస్తాయి. ఏ తేదీ ఎంచుకున్నా ఎవరో ఒకరు తప్పిపోతారు. వారెవరో, ఎందరో ఇళ్ళ జాబితాలో రాసి ఉంచి, నివేదికలో చెప్పాలి. వలస వెళ్ళినవారి గురించి ఇంట్లోవారిని వయసు, చదువు, పని అడిగి రాసుకోవడం వల్ల, దొరికినవారికీ దొరకనివారికీ తేడా ఎంతో కొంత తెలుస్తుంది.

ఇచ్చే పనులను తయారు చేయడం

పరీక్షలో ఇచ్చే ప్రతి పనికీ రెండు గుణాలు ఉండాలి: అది ఆ మనిషి జీవితంలో ఎదురయ్యేది కావాలి, కానీ దాన్ని చేయడానికి కావలసిన సమాచారమంతా కాగితం మీదే ఉండాలి. మొదటి గుణం లేకపోతే బడి పరీక్ష అవుతుంది. రెండోది లేకపోతే వృత్తి అనుభవాన్ని కొలిచినట్టవుతుంది. ‘80 కిలోల పిక్కల బస్తాలోంచి ఎంత పప్పు వస్తుంది?’ అని అడిగితే పలాసవారు కాగితం చూడకుండానే చెబుతారు, రాజాంవారు తెల్లముఖం వేస్తారు. ‘ఒక బస్తాకు 22 కిలోల పప్పు వచ్చిందనుకోండి, 3 బస్తాల పప్పును 5 కిలోల డబ్బాల్లో నింపితే ఎన్ని డబ్బాలు నిండుతాయి, ఎంత మిగులుతుంది?’ అని అడిగితే ఇద్దరూ ఒకే చోటి నుంచి మొదలుపెడతారు.

ఇలాంటి పనులకు ఒక మంచి ఉదాహరణ, ప్రథమ్ సంస్థ వెలువరించే విద్యా స్థితి సర్వే అయిన అసర్ 2023 నివేదికలో ఉంది. 26 రాష్ట్రాల్లో 28 జిల్లాల్లో 14-18 ఏళ్ళ 34,745 మందిని కలిసిన ఆ సర్వేలో, వస్తువు ఒక కొన స్కేలు మీద సున్నా దగ్గర ఉన్నప్పుడు దాదాపు 85 శాతం మంది పొడవు సరిగ్గా చెప్పారు. అదే వస్తువును సున్నా నుంచి జరిపి పెడితే 39 శాతం మందే చెప్పారు. చివరి అంకె చదవడం, పొడవు కొలవడం వేర్వేరు నైపుణ్యాలని ఇంతకంటే తేలికగా చూపే ప్రశ్న నాకు కనిపించలేదు. దర్జీ టేపు మొదటి 3 సెంటీమీటర్లు చిరిగిపోయిన బొమ్మ వేసి, గుడ్డ పొడవెంత అని అడిగితే అదే మన ప్రశ్న అవుతుంది. అదే సర్వేలో ఓఆర్‌ఎస్ పొట్లం మీది సూచనలు చదివి జవాబు చెప్పమన్నారు. పురుగుమందు డబ్బా మీది సూచనలు, ఆర్టీసీ బస్సుల వేళల పట్టిక, కరెంటు బిల్లు, ఉపాధి కూలి చీటీ ఇందుకు అంతే చక్కగా పనికొస్తాయి. అసలు కాగితాలను యథాతథంగా వాడండి. అక్షరాలు చిన్నవి, అచ్చు మసక అయినా సరే. జీవితంలో ఎదురయ్యేది ఆ మసక కాగితమే.

పనులను కష్టాన్ని బట్టి మెట్లుగా పేర్చండి. పీఐఏఏసీ తన మార్కుల కొలబద్దను 176, 226, 276, 326, 376 దగ్గర విడగొట్టి స్థాయిలు చేసింది. ఒక స్థాయి మనిషి ఆ స్థాయి పనులను సుమారు మూడింట రెండు వంతుల సార్లు సరిగ్గా చేయగలడన్నది వారి లెక్క. మనకు అంత యంత్రాంగం అక్కరలేదు. చదవడానికి నాలుగు మెట్లు చాలు: కాగితంలో ఉన్న మాటను అలాగే గుర్తించడం, వేరే మాటల్లో ఉన్నదాన్ని పట్టుకోవడం, రెండు చోట్ల ఉన్న సమాచారాన్ని కలపడం, కాగితంలో లేనిదాన్ని ఉన్నదాని నుంచి ఊహించడం. లెక్కకు కూడా అలాగే నాలుగు. ఒక్కో మెట్టుకు కనీసం మూడు పనులు ఉంటే, ఒకటి ఎవరికైనా తెలిసిన కాగితమైనా మెట్టు చెడదు.

భాష విషయంలో తొందరపడకూడదు. 1994లో మొదలైన తొలి అంతర్జాతీయ పెద్దల అక్షరాస్యత సర్వేలో పాల్గొన్న ఫ్రాన్స్, తన ప్రజలకు వచ్చిన తక్కువ ఫలితాలను ఒప్పుకోక, అనువాదం మీదా, పద్ధతి మీదా అభ్యంతరాలు చెప్పి తప్పుకున్నది. ఆ అభ్యంతరాల్లో ఎంత బలముందన్నది పక్కన పెడితే, భాష సందేహాస్పదమైతే అంకెలన్నీ సందేహాస్పదమవుతాయన్నది మాత్రం స్పష్టం. మన దగ్గర ఇచ్ఛాపురం వైపు ఒడియా చదివినవారు ఉంటారు, ఏజెన్సీ పల్లెల్లో సవర మాట్లాడేవారు ఉంటారు. లెక్క పనుల్లో సూచనను వారి భాషలో నోటితో చెప్పాలి. చదివే పనులకు తెలుగు, ఒడియా కాగితాలు రెండూ ఉంచి, ఏది వాడారో నమోదు చేయాలి. అచ్చు కాగితం ప్రమాణ తెలుగులోనే ఉండవచ్చు గానీ, దాన్ని వివరించే నోటిమాట ఆ ఊరి మాటే కావాలి. భూమిని సెంట్లలో, ధాన్యాన్ని అడ్డల్లో, కుంచాల్లో లెక్కించే పెద్దలున్న ఊళ్ళో అన్నీ కిలోలలో, హెక్టార్లలో అడిగితే మీరు కొలిచేది కొలమానాల పరిచయాన్ని.

తయారైన కాగితాలను నమూనాలో లేని ఊళ్ళో 30 మందితోనైనా ప్రయత్నించి చూడండి. అందరూ చేసేసిన పని, ఎవరూ చేయలేకపోయిన పని రెండూ తీసేయవలసినవే. తప్పు చెప్పినవారిని ‘ఎలా అనుకున్నారు?’ అని అడగండి. సగం సందర్భాల్లో తప్పు మీ ప్రశ్నలో దొరుకుతుంది.

ఇంటి దగ్గర

‘పరీక్ష’ అన్న మాట వాడకండి. యాభై ఏళ్ళ మనిషికి ఆ మాటతో బడిలో తిన్న దెబ్బలు గుర్తొస్తాయి. అమ్మా, బాబూ, మావయ్యా అని వారు మెచ్చే పిలుపుతో మాట్లాడి, ఎందుకు వచ్చారో, సమాచారం ఎవరు చూస్తారో, వద్దనే హక్కు వారికి ఉందనీ చెప్పండి. ఆధార్ సంఖ్య అడగవలసిన అవసరం ఏదీ లేదు. పేర్లున్న కాగితాన్ని, జవాబులున్న కాగితాన్ని వేరుగా ఉంచాలి. ‘దీనివల్ల పింఛను తీసేస్తారా?’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది. దానికి జవాబు ముందే అందరికీ ఒకేలా నేర్పాలి.

మొదట చదువు, పని గురించి అడగండి. పనిలో వారానికి ఎన్నిసార్లు ఏదైనా చదువుతారు, లెక్క వేస్తారు, ఫోనులో ఫారం నింపుతారు అన్న ప్రశ్నలను వదలవద్దు. పైడిభీమవరం కర్మాగారాల్లోనో, నెల్లిమర్ల జనపనార మిల్లులోనో నైపుణ్యం ఉండి వాడే అవసరం రానివారు, అవసరం ఉండి నైపుణ్యం లేనివారు వేర్వేరు. వారికి కావలసిన సహాయమూ వేరు. తర్వాత ‘ఇలాంటి కాగితం చదవడం మీకు ఎంత తేలిక?’ అని అడిగి, ఆ జవాబు రాసుకున్నాకే పని ఇవ్వండి. చెప్పిన మాటకూ చేసిన పనికీ ఉన్న తేడా మీ నివేదికలో అన్నిటికంటే ముందు అందరూ చదివే పట్టిక అవుతుంది. మొదటి మెట్టులోని మూడూ రాకపోతే అక్కడితో ఆపండి. చుట్టూ చేరిన ఇరుగుపొరుగు జవాబులు అందించకుండా రెండో మనిషి వారితో కబుర్లు చెబుతూ ఉండాలి. ఇద్దరిని పంపడానికి అసలు కారణం ఇదే.

లెక్క కట్టడం

ఇంటికి ఒక్కరినే అడిగారు కాబట్టి, నలుగురు అర్హులున్న ఇంటి మనిషి జవాబు నలుగురికి, ఒక్కరే ఉన్న ఇంటి జవాబు ఒక్కరికి సమానంగా తూకం వేయాలి. ఈ తూకం వేయకపోతే పెద్ద కుటుంబాల్లోని యువత లెక్కలో తగ్గిపోతుంది. తర్వాత మీ నమూనాలో స్త్రీ పురుషుల నిష్పత్తిని ఇళ్ళ జాబితాలోని నిష్పత్తితో పోల్చి సరిదిద్దండి.

సగటు మార్కు కంటే ప్రతి మెట్టు దాటినవారి శాతం చెప్పడం మేలు. పక్కనే తేడాను రాయండి: 400 మందికి అటూఇటూ 7 శాతం, అందులో 200 మంది స్త్రీలను విడిగా చూస్తే 10 శాతం. కాబట్టి స్త్రీలకూ పురుషులకూ 5 శాతం తేడా వస్తే దాని మీద వ్యాఖ్యానం రాయకండి. ఊరికి 20 మందితో ఊళ్ళకు ర్యాంకులు ఇవ్వడం అసలే కుదరదు. నాయకులు అడిగేది మాత్రం సరిగ్గా అదే. మీ మెట్లను పీఐఏఏసీ స్థాయిలతో సమానమని రాయడం కూడా తప్పే, ఎందుకంటే రెండింటిలోనూ ఉమ్మడిగా ఇచ్చిన పనులు లేవు.

మూడేళ్ళ తర్వాత ఇదే మండలంలో మళ్ళీ కొలవాలంటే అవే పనులు మళ్ళీ ఇవ్వగలగాలి. అందువల్ల నివేదికలో ఒక్కో మెట్టుకు ఒక్క ఉదాహరణ మాత్రమే అచ్చువేసి, మిగిలిన కాగితాలను లెక్కపెట్టి వెనక్కు తీసుకుని, కట్టకట్టి బీరువాలో పెట్టి తాళం వేయండి. సర్వేకు వెళ్ళినవారి ఫోన్లలో ఉన్న ఫొటోలను కూడా ఆ రోజే తీయించేయండి.